వేళ్ళకు అంటని సుద్ద

వాషింగ్ మెషీన్ చివరి తిరుగుడు అందుకోగానే మా భిలాయి-3 ఇంట్లో వంటగది గచ్చు వణుకుతుంది. తడి దుప్పటి ఒక పక్కకు చేరితే చాలు. ఇంట్లోవాళ్ళు టీవీ సౌండు పెంచుకుంటారు. నేను మాత్రం పరుగెత్తుకెళ్ళి దాన్ని ఆపేసి, దగ్గర్లో ఎవరైనా నిలబడ్డారేమోనని చూస్తాను. భయం గుండెల్లో పుడుతుందంటారు. నాకు అరికాళ్ళలో పుడుతుంది. పుట్టిన చోటు సింహాచలం బాబాయి షెడ్డు.

బాబాయి మా నాన్న స్నేహితుడు. విజయనగరం వైపు నుంచి భిలాయి ఉక్కు ప్లాంటులో పనికొచ్చి, రిటైరయ్యాక క్యాంప్ 1 దగ్గర రేకుల షెడ్డు వేసి, కార్ఖానాల పెద్ద ఫ్యాన్లకు వణుకు తీసే పని పెట్టారు. మనిషెత్తు ఫ్యానులో ఒక పక్క కాస్త బరువెక్కువైతే తిరిగేటప్పుడు ఊగిపోతుంది. సరైన చోట ఇనుపముక్క అతికిస్తే కుదుటపడుతుంది. ఎంత ముక్క, ఏ కోణంలో అన్నది సంకీర్ణ సంఖ్యలతో చేసే లెక్క. డిప్లొమా మూడో దండయాత్రలో గట్టెక్కిన నాకు కల్పిత సంఖ్యలంటే నిజమైన భయం. అయినా నాన్న మొహం చూసి బాబాయి నన్ను పనిలో పెట్టుకున్నారు.

మొదటిరోజే నేలమీద సుద్దతో అడ్డగీత, నిలువుగీత గీసి, మధ్యలోంచి ఒక బాణం లాగారు.

"ఇదేటమ్మా?"

"3 + 3i, బాబాయ్."

"అది దాని పేరు. ఎంత పొడుగుంది, ఎటేపు సూత్తంది, అది సెప్పు."

బాణం పొడవును r అని, అది చూసే కోణాన్ని e నెత్తిమీద పెట్టి ఘాతరూపం రాశారు. అన్నాళ్ళూ ఆ e నా నెత్తిమీద కూర్చుంది, ఇప్పుడు దాని నెత్తిమీదా ఒకటి కూర్చున్నందుకు సంతోషించాను. రెండు బాణాలను గుణిస్తే కోణాలు కలుస్తాయని, అంటే గుణించడమంటే తిప్పడమేనని అరచెయ్యి తిప్పి చూపించారు. కాలేజీలో దిక్కులేకుండా పడున్న సంఖ్యలకు ఆ గచ్చుమీద ఒక దిక్కు దొరికింది.

"పహలే బొమ్మ, బాద్‌మే లెక్క." ముందు బొమ్మ, తరవాతే లెక్క, అదీ ఆయన రూలు.

నేను దాన్ని ఒక్కసారే తప్పాను. ఒక మధ్యాహ్నం, ఓ ఫ్యానుకు పరీక్షగా చిన్న ముక్క అతికించి కొలిచాం. ఆ ముక్క తెచ్చిన మార్పు −3 + 3i అని తేలింది. దాని కోణం తెలిస్తే అసలు ముక్క ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. చేతిలో కొత్త కాలిక్యులేటర్ ఉండగా నేలమీద చతికిలబడి గీయడం నామోషీ అనిపించింది. మూడును మైనస్ మూడుతో భాగించి నొక్కితే మైనస్ నలభై అయిదు డిగ్రీలంది. ఆ లెక్కన చోటు గుర్తుపెట్టి ఇస్తే, మా వెల్డర్ ఖేమ్‌లాల్ భయ్యా ముక్క అతికించేశాడు.

"బొమ్మేదమ్మా?" అన్నారు బాబాయి.

"గీసి చెరిపేశాను."

ఆయన ఒక్క క్షణం నా చేతుల వంక చూశారు. స్విచ్ వేశారు.

తిరిగే రెక్కల వరసలో ఎవరూ నిలబడకూడదని నేలమీద ఎర్రగీత ఉండేది. కొలిచే తీగ జారిందని ఖేమ్‌లాల్ ఆ గీత దాటి లోపలికి వెళ్ళాడు. "దీదీ కా హిసాబ్ హై, డర్ కాహే కా!" అని, అక్క లెక్కుండగా భయమేంటని నవ్వాడు. అప్పుడే నా అరికాళ్ళకు తెలిసింది. వణుకు తగ్గడం లేదు, పెరుగుతోంది. 'భయ్యా' అని అరవబోతే 'భయ' దగ్గరే మాట ఆగింది.

"ఖేమ్‌లాల్! హట్!" అంటూ బాబాయి స్విచ్ కట్టేశారు. అతను ఇవతలికి దూకాడు. స్విచ్ ఆపగానే అంత ఫ్యాను ఆగదు. స్విచ్ పక్కనున్న ఇటుకగోడ వెనక ముగ్గురం నక్కి, అది దడదడలాడుతూ నెమ్మదించే దాకా నిలబడ్డాం. మధ్యలో నట్టు ఒకటి ఊడి ఎదుటి రేకుకు తగిలింది. తరవాత చూస్తే రేకుకు తూటు, సరిగ్గా ఖేమ్‌లాల్ భుజమెత్తులో.

బాబాయి సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "ఇప్పుడు గియ్యమ్మా."

ఫ్యానుకన్నా ఎక్కువ వణికింది నా బాణం. మైనస్ మూడు ఎడమకు, మూడు i పైకి. బాణం ఎడమవైపు పైకి చూస్తోంది, నూట ముప్ఫై అయిదు డిగ్రీలు. కాలిక్యులేటర్ చెప్పింది కుడివైపు కిందికి. మూడును మైనస్ మూడుతో భాగించినా, మైనస్ మూడును మూడుతో భాగించినా దానికి ఒకటే. మైనస్ ఎవరిదో అది చూడదు. ముక్క సరిగ్గా ఎదుటి పక్కకు పోయింది, వణుకు రెట్టింపైంది.

"అబద్ధం చెప్పాను, బాబాయ్."

"తెలుసమ్మా. నీ ఏళ్ళకి సుద్ద నేదు. అందరి ముందూ అడిగితే సిన్నబోతావని ఊరుకున్నాను." ఆయన రేకు తూటు వైపు చూశారు. "స్విచ్చేసింది నేను కదేటి."

ముక్క ఊడదీసి, నట్లన్నీ బిగించి, ఎదుటి పక్కన అతికించాక, "దీదీ, ఇస్ బార్ కహాఁ ఖడా రహూఁ?" అని ఖేమ్‌లాల్ తను నిలబడే చోటు నన్నే అడిగాడు. మాటలో ఎగతాళి లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గోడ వెనక చోటు చూపించాను. స్విచ్ నాచేతే వేయించారు బాబాయి. ఈసారి అరికాళ్ళకు ఏమీ తెలియలేదు. అయినా ఫ్యాను ఆగేదాకా గోడ వెనకనుంచి ఎవర్నీ కదలనివ్వలేదు.

బాబాయి పోయారు. షెడ్డు ఇప్పుడు నేనే చూస్తున్నాను. రేకు తూటును మూయించలేదు. వానాకాలం అందులోంచి జల్లు కొడుతుంది, కొట్టనిస్తాను. పని నేర్చుకునే పిల్లలు లెక్క తెచ్చి "గీశాం మేడమ్" అంటారు. నేను కాగితం తరవాత చూస్తాను. ముందు వేళ్ళు చూస్తాను. తెల్లగా లేకపోతే, ఎవరు చిన్నబోయినా సరే, స్విచ్ మీదికి నా చెయ్యి వెళ్ళదు.