ఐదో సభ్యుడు వచ్చేసరికి

మహమ్మారి సద్దుమణిగిన ఏడాది వసంతంలో, వాషింగ్టన్‌లోని ఒక పాత శాస్త్ర సొసైటీలో కౌన్సిల్ కార్యదర్శిగా చేరాను. పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన సంస్థ అది. పదవి పేరు గొప్పగా వినిపిస్తుంది గానీ ఓటు లేని ఉద్యోగం. ఎజెండా తయారుచేయాలి, మినిట్స్ రాయాలి, కోరం ఉందో లేదో చూసి చెప్పాలి. కోరం అంటే సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య. మాకు అధ్యక్షుడితో కలిపి ఐదుగురు.

అక్కడ ఫెలోగా, అంటే సొసైటీ గౌరవించి చేర్చుకునే శాస్త్రవేత్తగా, ఎన్నికైనంత మాత్రాన సరిపోదు. కోరం ఉన్న సమావేశంలో అధ్యక్షుడు అభ్యర్థి కుడిచెయ్యి పట్టుకుని, అంగీకరిస్తున్నారా అని అడగాలి. అభ్యర్థి నోటితో అవునని చెప్పాలి. అప్పుడే ప్రవేశం. గుర్రబ్బగ్గీల నాటి ఈ నియమాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. వీడియోలో చెల్లదు.

ఒక మే నెల సమావేశంలో రాజ్యలక్ష్మి గారు ఎన్నికయ్యారు. వాషింగ్టన్ శివార్లలోని షాంటిలీలో మా ఇంటికి దగ్గరే ఉండేవారు. రాళ్ల మీద, చెట్ల మొదళ్ల మీద పెరిగే నాచు గురించి జీవితమంతా పరిశోధించిన మనిషి. అంతకుముందు ఆమె పేరు వచ్చినప్పుడల్లా కౌన్సిల్ ‘వచ్చే సమావేశానికి’ అంటూ పక్కన పెట్టింది. ఈసారి ఎన్నుకున్నారు గానీ, వేసవి సెలవుల ముందు ప్రవేశాలు జరిపే ఆనవాయితీ లేదంటూ ఆమె ప్రవేశాన్ని అక్టోబరుకు నెట్టారు. ఆమెకు కేన్సరని అందరికీ తెలుసు. తెలిసే నెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఓటు లేనివాడి ఒళ్ళు మండితే ఎవరిక్కావాలి?

ఆగస్టులో ఆమెను హాస్పిస్‌లో చేర్చారు. ఇక వైద్యం లేదనుకున్నవాళ్ళను చివరిదాకా చూసుకునే చోటది. నియమావళి తిరగేశాను. కౌన్సిల్ ఎక్కడ కూర్చోవాలో అందులో ఎక్కడా లేదు. కౌన్సిల్‌నే ఆమె దగ్గరికి తీసుకెళదామని అధ్యక్షుడికి ఫోన్ చేశాను. పెద్దమనిషి, వెంటనే ఒప్పుకున్నారు.

అనుకున్న రోజు మధ్యాహ్నం అధ్యక్షుడితో కలిపి నలుగురొచ్చారు. ఐదో ఆయన ఇంకేదో మీటింగ్ ముగించుకుని బయల్దేరి హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. మొదలుపెట్టేద్దాం, ఎవరు లెక్కపెడతారని అధ్యక్షుడు నా చెవిలో అన్నారు. అది ఆమెకు వినబడింది. నన్ను దగ్గరికి పిలిచారు.

“ఎంతమంది వచ్చారండీ?”

“నలుగురండీ.”

“అయితే వద్దండి. ఇన్నేళ్ళు బయట నిలబెట్టి, ఇప్పుడు దొడ్డిదారిన రమ్మంటారా? ప్రాపర్‌గా చేస్తేనే చేయండి.”

అధ్యక్షుడికి ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రాజ్యలక్ష్మి గారు కూతురు అనూషను పిలిచి జుట్టు దువ్వించుకున్నారు. తలుపు వైపే చూస్తూ చూస్తూ నిద్రపోయారు.

ఐదో ఆయన రొప్పుతూ వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. అధ్యక్షుడు కుడిచెయ్యి పట్టుకుని అడిగారు. కాసేపాగి మళ్ళీ అడిగారు. జవాబు రాలేదు.

అనూష ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. వరండాలో నన్ను ఆపింది.

“అంకుల్, అమ్మ ఫెలో అయిందా, అవ్వలేదా? జస్ట్ టెల్ మీ.”

అయిందని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది.

“అవలేదమ్మా.”

తలూపింది. “ఓకే. అయింది అని చెప్తే అమ్మకి కోపం వచ్చేది.”

మర్నాడు రాజ్యలక్ష్మి గారు పోయారు.

మినిట్స్‌లో ఇలా రాశాను: ‘అభ్యర్థి సమయానికి హాజరు. కౌన్సిల్ ఆలస్యం.’ అక్టోబరులో ఒక సభ్యుడు ఆ వాక్యం తీసేయమన్నారు. అధ్యక్షుడు ఒప్పుకోలేదు. అదే రోజు నియమం మార్చారు: ఎన్నికైన సమావేశంలోనే ప్రవేశం, అభ్యర్థి రాలేకపోతే వీడియోలో. అందుకు కాఫీ చల్లారేంత సమయం కూడా పట్టలేదు.

పాత నియమమే ఆమెను ఆపిందని సొసైటీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మినిట్స్ రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆమెను ఆపింది మా వాయిదాలే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ అంశం పక్కనైనా ‘వాయిదా’ అని రాసే ముందు, దాని కోసం ఎదురుచూస్తున్నది ఎవరో కౌన్సిల్‌ను అడిగి, ఆ పేరు కూడా పక్కనే రాసేవాణ్ణి.