లాంప్ మేష్టారి అమ్మాయి

మా మామగారు కేశవరావుగారిని తెనాలిలో లాంప్ మేష్టారు అంటారు. ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. అది చాలదన్నట్టు పొద్దున్నా సాయంత్రమూ ఇంటి వరండాలో బి.ఏ. కుర్రాళ్లకి ట్యూషన్లు. వాళ్ల పాఠాల్లో ఒక పాత ఇంగ్లీషు పద్యం ఉండేదట. మొగుడు ఓడెక్కి వెళ్లిపోతాడు, పెళ్లాం రోజూ కిటికీలో దీపం పెడుతుంది, వాడు రాడు. అంతే కథ. దాని మీద ఆయన చెప్పే పేరాలో ఒక వాక్యం ఊరంతా పాకింది: “ఆ దీపం ఓడ కోసం వెలగడం లేదు. ఓడ రాదని తెలిసిన మనసు చీకట్లో కూర్చోలేక దాన్ని వెలిగిస్తోంది.” ఇంగ్లీషులో ఇంకా బాగుంటుంది. మా పెళ్లిలో నేను తాళి కడుతుంటే వెనకాల ఎవరో పాత శిష్యుడు ఆ వాక్యం అందుకున్నాడు, మామగారు పూర్తి చేశారు. రెండో ముడి ఎక్కడ వేశానో నాకు గుర్తు లేదు.

నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, మా ఆవిడ రాధారాణి గురించి. కానీ ఆవిడ కథ ఎక్కడ మొదలుపెట్టినా ఈయన ముందొచ్చి కూర్చుంటారు. జీవితంలోనూ అంతే చేశారు.

రాధకి చిన్నప్పటినుంచీ ఇంగ్లీషు సాహిత్యం చదవాలని కోరిక. ఇంటర్ అయ్యాక బి.ఏ. చేసి, ఆ తర్వాత ఎం.ఏ. ఇంగ్లీషు చేస్తానంది. మేష్టారు ససేమిరా అన్నారు. ఇంగ్లీషు చెప్పి ఇల్లు నడిపిన మనిషి, సాహిత్యం చదివితే ఏమొస్తుంది అని కూతుర్ని బి.ఎస్సీలో చేర్పించారు. రెండు రోజులు అన్నం మానేసింది, ఆయన కరగలేదు. అప్పటినుంచి ఆవిడకి దక్కిన సాహిత్యమంతా వరండా గోడ ఇవతల వంటింట్లో బియ్యం ఏరుతూ విన్నదే. ఆ కుర్రాళ్లు పరీక్షలవగానే మర్చిపోయారు. ఈవిడ ఒక్క ముక్క మర్చిపోలేదు.

పెళ్లయి అమెరికాలో హెర్న్‌డన్ వచ్చాక నా ఉద్యోగం, నా వీసా, నా క్లయింట్లు. డిపెండెంట్ వీసా మీద ఉన్న ఆవిడకి లైబ్రరీ కార్డే లోకం. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదికి, అంటే 2008లో, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరతానంది. నేను అకౌంటింగ్ చేయమన్నాను. నా వైపు ఒక చూపు చూసి ఇంగ్లీషులో చేరింది. ఇక్కడ మార్కులు బాగా వస్తే యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి తీసుకుంటారు, ఇంగ్లీషు డిగ్రీ వస్తుంది. అదొక్కటే ఆవిడకి కావలసింది. తన సగం వయసు పిల్లల పక్కన కూర్చుని, ఇంటికొచ్చి వంట చేస్తూ పద్యాలు పైకి చదివేది. ఆ రోజుల్లో మా పప్పు తరచూ మాడేది, కానీ ఆవిడ మొహం చూస్తే నాకు ఏమీ అనబుద్ధి అయ్యేది కాదు.

మరుసటి ఏడాది మామగారు ఆరు నెలలుందామని వచ్చారు. పొద్దున్నే ఇడ్లీ తింటూ నేను ఫోన్లో క్లయింట్‌తో మాట్లాడే ఇంగ్లీషులో తప్పులు దిద్దేవారు. కూతురి చదువు గురించి మాత్రం ఒక్క ప్రశ్న వేసేవారు కాదు. ఈ వయసులో నామోషీ అనుకుంటున్నారేమో అని సరిపెట్టుకున్నాను.

నవంబరులో ఒక సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి గరాజ్ తలుపు తెరిచేసరికి రాధ వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి ఉంది.

“లోపలికి రాకండి. నాన్నగారు హాల్లో ఉన్నారు. నా పేపర్‌లో కాపీ పట్టుకున్నారండీ,” అంది.

“నువ్వు కాపీ కొట్టావా?”

“ఆ పద్యమే ఇచ్చారు మాకు. నాన్నగారి పేరా రాశాను. వినీ వినీ నోటికొచ్చేసింది కదా, చెయ్యి దానంతటదే రాసేసింది.”

నేను నవ్వాను. “ఇంతేనా? మా నాన్న మాటలు, పేరు రాయడం మర్చిపోయాను, సారీ అని చెప్పు.”

“అది నాన్నగారిది కాదు.”

ఆ మాట ఎంత మెల్లగా అందంటే నేను రెండోసారి అడగాల్సి వచ్చింది. కాలేజీలో పేపర్లన్నీ ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో వేసి చూస్తారు. అది ఆ పేరాని పట్టుకుంది. మేష్టారు పలక పట్టక ముందు లండన్‌లో అచ్చయిన ఏదో విమర్శ పుస్తకంలోది. ఓడ, దీపం, చీకట్లో కూర్చోలేని మనసు, అన్నీ అక్షరానికి అక్షరం. ప్రొఫెసర్ ఆ పేజీ ఈమెయిల్‌లో పంపించింది.

మనవాళ్ల సంగతి మనకి తెలుసు. మేష్టారు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడమే మన దగ్గర చదువు. ఎవరిదీ మాట అని ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. నేను ఇంజినీరింగ్ గట్టెక్కిందీ అలాగే. రాధకి ఆ పేరా ఇంటిపేరు లాంటిది, తనదే. ఇక్కడ దాన్ని దొంగతనం అంటారు. రుజువైతే ఆ కోర్సులో ఫెయిలు, రికార్డులో మచ్చ. మచ్చ ఉన్నవాళ్లని యూనివర్సిటీ తీసుకోదు.

“అయితే జరిగింది జరిగినట్టు చెప్పేయ్. నువ్వు ఆ పుస్తకం మొహం కూడా చూడలేదని చెప్పు,” అన్నాను.

“చెప్తే దొంగ ఎవరవుతారు? నేనే ఎక్కడో చూసి రాశానని ఒప్పేసుకుంటాను.”

“నీకేమన్నా పిచ్చా! డిగ్రీ పోతుంది రాధా!”

“పోనివ్వండి. ఆ వాక్యం తప్ప నాన్నగారికి ఇంకేం ఉంది చెప్పండి? మీరు ఆయన దగ్గర నోరు జారారంటే నా మీద ఒట్టే.”

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఒట్టు వేయించుకుంది కదా, నోరు మూసుకున్నాను. మర్నాడు డీన్ ఆఫీసువాళ్లు మీటింగ్ సంగతి ఫోన్ మెషీన్‌లో చెప్పి పెట్టారు. ఇంట్లోవాళ్లు తోడు రావచ్చు అని కూడా చెప్పారు. మా ఇంట్లో ఆ మెషీన్ సోఫా పక్కనే ఉంటుంది. సోఫాలో ఎవరుంటారో వేరే చెప్పక్కర్లేదు.

భోజనాల దగ్గర అడిగారు. “ఏంటమ్మాయ్, మీటింగ్ దేనికి?”

“ఏదో పేపర్ గురించి నాన్నగారూ. అందులో ఒక పేరా నాది కాదంటున్నారు.”

“ఏ పేరా?”

రాధ ఆయనతో ఎన్నడూ అబద్ధమాడలేదు. “దీపం పేరా,” అంది.

అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఈయనకి తెలుసా, తెలియదా? ఎవరో తనకి చెప్పిన నోట్సే ఈయనా చెప్పి ఉండొచ్చు కదా.

“దానికేముంది! అది మా నాన్నదని చెప్పొచ్చుగా? నేనొచ్చి చెప్తాను వాళ్లకి,” అన్నారు.

“మీరెందుకు నాన్నగారూ, ఆ చలిలో...”

“నా మాట నా కూతురు రాసుకుంటే దొంగతనమా? అల్లుడుగారూ, రేపు మీరు సెలవు పెట్టండి.”

సెలవు పెట్టాను. మర్నాడు కారులో ఆయన ముందు సీట్లో కోటు వేసుకుని కూర్చున్నారు. ఊరి పక్కనున్న డలస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగబోయే విమానాలు నెత్తిమీదుగా వెళ్తున్నాయి. వెనక సీట్లో రాధ కిటికీలోంచి బయటికి చూస్తోంది. రెండుసార్లు చెప్పేద్దామని నోరు తెరిచాను. రెండుసార్లూ అద్దంలో ఆవిడ కళ్లు కనిపించాయి.

చిన్న గది. బల్లకి అవతల ప్రొఫెసర్ హాలోవే, ఆవిడ పక్కన డీన్ ఆఫీసునుంచి వచ్చిన ఒకాయన. ఆవిడకి రాధంటే ఇష్టమని చూస్తూనే తెలిసింది, తనే తప్పు చేసినట్టు కూర్చుంది. ఆయన మాత్రం ముందే కలం తీసి పట్టుకున్నాడు.

మామగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, తను ఎన్నేళ్లు ఇంగ్లీషు బోధించిందీ చెప్పి, “ఆ పేరా నాది,” అన్నారు.

ప్రొఫెసర్ తన ముందున్న కంప్యూటర్ తెరని మెల్లగా ఆయన వైపు తిప్పబోయింది.

“నేనే కాపీ చేశాను!” రాధ గొంతు పెద్దదైంది. “ఆయనకి ఏమీ తెలియదు. ఒక పుస్తకంలో చూసి రాశాను. నన్ను క్షమించండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.”

డీన్ ఆఫీసాయన కాగితం ముందుకి జరిపాడు. రాధ నా జేబులోంచి పెన్ను లాక్కుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఒట్టూ లేదు గిట్టూ లేదు, చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. ఈలోగా మామగారు కళ్లజోడు పెట్టుకుని తెర తన వైపు తిప్పుకున్నారు.

చదివారు. పెదవులు కదులుతున్నాయి. పేరా అయిపోయాక కూడా చూస్తూనే ఉన్నారు. చివరికి కళ్లజోడు తీసి కోటు జేబులో పెట్టబోయారు, జేబు దొరకలేదు. ఆ క్షణంలో ఆయన ఊరుకుంటే చాలు. కూతురు సంతకం పెట్టేస్తుంది, లాంప్ మేష్టారు లాంప్ మేష్టారుగానే ఇంటికి వెళ్లిపోతారు.

“ఆ పెన్ను పక్కన పెట్టమ్మా,” అన్నారు తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో ప్రొఫెసర్‌తో అన్నారు. ఎప్పుడూ అచ్చుగుద్దినట్టుండే ఆయన ఇంగ్లీషు ఆవేళ తడబడింది. “మేడమ్, ఈ పుస్తకం నా దగ్గర ఉండేది. గుంటూరులో పాత పుస్తకాల కొట్లో కొన్నాను. మా అమ్మాయి దీన్ని చూడలేదు. గోడ అవతలనుంచి నా గొంతు విన్నది, అంతే. ఇది నాదని నేనే చెప్పుకున్నాను.”

“ఎవరితో?” అంది ప్రొఫెసర్.

“అందరితో.”

డీన్ ఆఫీసాయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. వాళ్లిద్దరూ పక్క గదిలోకి వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. రికార్డులో ఏమీ రాయరట. ఆ పేపర్‌కి సున్నా. సోమవారానికి అదే పద్యం మీద ఇంకో పేపర్ రాసివ్వాలి. “ఈసారి మీరేమనుకుంటున్నారో రాయండి,” అంది ప్రొఫెసర్. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. రాధ ఆవిడ మాట విన్నట్టు కూడా లేదు, తండ్రినే చూస్తోంది.

పార్కింగ్ లాట్ దాకా ముగ్గురం నడిచాం. నాకైతే ఆయన మీద జాలి కలిగింది. అంత వయసులో, పరాయి దేశంలో, కూతురి ముందు అలా ఒప్పుకోవడానికి ఎంత గుండె ఉండాలి! ఆయన్ని మెచ్చుకుంటూ ఏదో అనబోయాను.

“నాన్నగారూ,” అంది రాధ. “ఆ పుస్తకం యూనివర్సిటీ లైబ్రరీల్లో ఉండేదా?”

“వాల్తేరులో ఒకటి ఉండేదమ్మా. ఎం.ఏ. వాళ్లకి ఇచ్చేవాళ్లు.”

రాధ ఆగిపోయింది. “నన్ను బి.ఎస్సీలో వేసింది అందుకేనా?”

ఏదో ఒకటి అనొచ్చు. ఉద్యోగాలు రావనుకున్నాను అనొచ్చు, మీ అమ్మ వద్దంది అనొచ్చు. పాపం, ఆవేళ ఆయన దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

“ఊళ్లో ఇంకెవరు దాన్ని చదివినా ఫరవాలేదనుకున్నానమ్మా,” అన్నారు. “నువ్వు చదువుతావేమోనని భయమేసింది.”

నాకు కలిగిన జాలి ఎటు పోయిందో పోయింది. అన్నం మానేసిన ఆ రెండు రోజుల గురించి రాధ పెళ్లయిన కొత్తలో నాకు చెప్పింది, తండ్రిని ఒక్క మాట అనకుండా, ఆయన నా మంచికే చెప్పారండీ అంటూ. అక్కడే ఆయన్ని కడిగేద్దామనిపించింది. కానీ కడగాల్సింది నేను కాదు.

రాధ ఏడవలేదు, అరవలేదు. కారులోంచి తన పుస్తకాల సంచీ తీసుకుని భుజాన వేసుకుంది.

“మీరిద్దరూ ఇంటికి వెళ్లండి. ఫ్రిజ్‌లో చారుంది, వేడి చేసుకోండి. నేను లైబ్రరీలో కూర్చుని పేపర్ మొదలుపెడతాను.”

“నేనూ వస్తానమ్మా,” అన్నారు మామగారు, కోటు గుండీ పెట్టుకుంటూ. “ఆ పద్యం నాకు బాగా...”

“వద్దు నాన్నగారూ.”

ఆ పిలుపులో మర్యాద ఎప్పటిలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. బహుశా అందుకే ఆయన ఇంకోసారి అడగలేకపోయారు. ఆవిడ లైబ్రరీ మెట్లెక్కి లోపలికి వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డారు. నేను కారు తలుపు తీసి పట్టుకున్నాను.