సారు మాట్లాడి పెట్టిన శుక్రవారం

మా ఇంజనీరు సారు పోయేనాటికి ఆయన భార్యకు వీసా చేతికొచ్చింది, టికెట్టు కూడా కొని ఉంది. ఆయనతో కాపురం చెయ్యడానికి కొన్న ఆ టికెట్టు మీదనే ఆమె ఆయన శవాన్ని తీసుకపోవడానికి దుబాయ్ వచ్చింది.

ఎనభైల మొదట్ల సంగతి. నేను ఆ కంపెనీల డ్రైవర్ని. మా ఊరు జగిత్యాల దిక్కు. వచ్చినప్పుడు ఇసుక, కంకర మోసిన. తర్వాత లైసెన్సు దొరికింది. అల్ ఖూజ్‌ల కూలీల క్యాంపుల ఉంటూ, పొద్దున్నే డేరా అనే పేటకు పోయి సారును ఫ్లాట్ కాడ ఎక్కించుకొని సైటుకు తీసుకపోయేటోణ్ణి. ఆయనది గుంటూరు దిక్కు. సైటుల అందరితోని హిందీ, ఇంగ్లీషు. కార్ల నాతోని మాత్రం తెలుగు. నేను "పోయిండు, వచ్చిండు" అంటె నవ్వేటోడు. మళ్ళ తనే నాకంటె ఎక్కువగ అట్ల మాట్లాడి చూపేటోడు.

భార్య వచ్చినంక మొదటి శుక్రవారం అల్ ఐన్ పోవాలని ఆయన ముచ్చట. కంపెనీ పని మీద ఒకసారి అటు పోయినప్పుడు వేల ఏండ్లనాటి సమాధులు చూసిండట. ఆ పక్కనే ఒక పెద్ద కొండ, దాని కింద భూమిలోంచి వేడినీళ్ళు ఊరుతయి. అక్కడ ఖర్జూరం తోట చూసుకునే ఒక ముసలి అరబ్బు పరిచయమైండు. వచ్చినోళ్ళకు ఆ రాళ్ళన్నీ తిప్పి చూపిస్తడట. ఫలానా శుక్రవారం నా భార్యను తీసుకొస్త, మా ఇద్దరికే రోజంతా చూపించాలె అని సారు ఆయనతో మాట్లాడి పెట్టిండు. మాకు శుక్రవారం అంటె బట్టలుతుక్కోవడం, నిద్ర. ఆయన ముచ్చట చూసి నాకు వింతగ ఉండేది. ఎండల్ల రాళ్ళు చూడ్డానికి గంటల తరబడి పోతరా ఎవరన్న?

ఆమె రావడానికి వారం ముందట సారుకు సైటు మీద గుండెనొప్పి వచ్చింది. నేనే కారు తీసిన. ఆస్పత్రి చేరేటప్పటికి ప్రాణం లేదు. నలభై కూడా దాటని మనిషి.

శవం ఆస్పత్రి చల్లగదిల పెట్టిన్రు. పోలీసు కాగితం, ఆస్పత్రి కాగితం, ఎంబసీ కాగితం. ఒకటి వస్తె ఇంకోటి రాకపోయేది. ఇంతల ఆమె దిగింది. విమానాశ్రయంల గుర్తుపట్టడానికి నాకు కష్టం కాలేదు. అందరి కండ్లు బయట ఎవరినో వెతుకుతున్నయి. ఆమె ఎవరినీ చూస్తలేదు. కూతురిని తల్లి కాడ వదిలి వచ్చిందట. చేతిల ఒక పెద్ద సూట్‌కేసు. కబురు అందకముందు సర్దుకున్నది సర్దుకున్నట్టే తెచ్చిందని తర్వాత పక్క ఫ్లాటామె చెప్పింది. తెరిస్తె గోంగూర పచ్చడి, కారప్పొడి, మడత విప్పని మగవాళ్ళ చొక్కాలు.

గురువారం మధ్యాహ్నం, రేపు సెలవు, ఆఫీసులన్ని బంద్, శనివారం దాక ఏ కాగితమూ కదలదని చెప్పడానికి పైకి సారు ఫ్లాటుకు పోయిన. ఆమె ముందు గదిల కుర్చీల కూర్చొని ఉంది. పక్క ఫ్లాటామె గ్లాసుల చాయ్ పోసి ముందల పెట్టింది, అది చల్లారి మీగడ కట్టింది. నేను చెప్పింది విన్నది.

"రేపేనా అల్ ఐన్ వెళ్ళాల్సింది?" అని అడిగింది.

 సారు పోయిన గత్తరల ఆ సంగతి నేనే మరిచిపోయిన. అవునమ్మా అన్న.

"నన్ను తీసుకెళ్తావా?"

పక్క ఫ్లాటామె ఆమె భుజం మీద చెయ్యేసి మెల్లగ నచ్చజెప్పబోయింది. మనిషి ఇంకా అక్కడే పడుకొని ఉన్నడు, దహనమే కాలేదు, నలుగురు ఏమనుకుంటరు, రేపు మీ అత్తగారి చెవిన పడితె ఏం చెప్తవు అని. ఆమె ఆ చెయ్యి తీసెయ్యలేదు, కోపం చెయ్యలేదు.

"ఇక్కడ కూర్చుని ఆ గోడ చూడమంటారా?" అన్నది.

ముదీర్‌ను, అంటె మా మేనేజరును, అడిగిన. ఆయన, ఆమె ఏది అడిగితే అది చెయ్యి అని కారు తాళాలిచ్చిండు.

తెల్లారి బయలుదేరినం. ఆమె వెనక సీటుల కూర్చుంది. నుదుట బొట్టు, మెడల నల్లపూసలు ఉన్నయి. అవి ఉండాల్నా తియ్యాల్నా అని బిల్డింగు ఆడోళ్ళ మధ్య పెద్ద వాదమే నడిచిందట. దారి పొడుగూత ఎర్రటి ఇసుక దిబ్బలు. ఒక చోట ఒంటెల మంద రోడ్డు దాటుతుంటె కారు ఆపిన. ఒక పిల్ల ఒంటె తల్లి పొట్ట కిందికి దూరి దూరి నడుస్తుండె. ఆమె అటు చూసి మళ్ళ తల తిప్పుకున్నది. సారు ఎక్కడ కూర్చునేవాడని అడిగింది. ముందట, నా పక్కన అని చెప్పిన. 

నా మనసుల ఉన్నదొక్కటే. ఆ ముసలాయనకు కబురు తెలియదు. తెలిసే దారి లేదు. రాకుంటె బాగుండు అనుకున్న.

వచ్చిండు. ఊరి బయట, సారు చెప్పిన మలుపు కాడ, రేగుచెట్టు నీడల చాప పరిచి కూర్చున్నడు. తెల్ల గడ్డం, ఉతికిన పొడుగు అంగీ కందూరా, పక్కన అరబ్బు కాఫీ కావా ఫ్లాస్కు, ఖర్జూరాల తట్ట. మా కారు చూసి ఫ్లాస్కు చేతిల పట్టుకొని నవ్వుతూ లేచిండు. ముందు సీటుల చూసిండు, వెనక చూసిండు, ఆమెకు గుండె మీద చెయ్యి పెట్టి సలాం చేసిండు. నా దిక్కు తిరిగి, "వైన్ ముహందిస్?" అన్నడు. ఇంజనీరు ఎక్కడా అని.

అరబ్బీ నాకు పని వరకే వచ్చు. తే, పో, అయిపోయింది, రేపు. చావు సంగతి మెల్లగ చెప్పేటంత భాష నా దగ్గర లేదు. "ముహందిస్ మాత్" అన్న. ఇంజనీరు చచ్చిపోయిండు. అంతే మొరటుగ నోట్లెకెళ్ళి వచ్చింది.

ముసలాయన చేతిల ఫ్లాస్కు కింద పెట్టిండు. కండ్లు మూసుకొని ఏదో చదివిండు. ఆమె ఒక్క మాట అర్థం కాకున్న ఆయన మొహం చూస్తనే ఉంది. కొంతసేపటికి ఆయన చిన్న గిన్నెల కావా పోసి రెండు చేతులతోని ఆమెకిచ్చిండు. ఆమె తాగింది. దుబాయ్ దిగినంక ఆమె ఏదైన నోట్ల పోసుకోవడం నేను చూసింది అదే మొదలు. ముసలాయన నాతోని ఏదో అంటె, మీరు తిరిగి పోయినా పర్వాలేదు అంటున్నడు అని ఆమెకు చెప్పిన.

"ఆయన మాట్లాడి పెట్టిందేదో అది చూపించమను" అన్నది.

మొదట గుండ్రటి సమాధి కాడికి తీసుకపోయిండు. ఇంత పెద్దగ ఉంటదని నేను అనుకోలేదు. నిలువెత్తు కంటె పెద్ద రాతి కట్టడం, సున్నం లేకుండ రాయికి రాయి అతికినట్టు పేర్చిన్రు. లోపలికి పోయే సందు మాత్రం మనిషి వంగి దూరేటంత. దాని మీది రాతికి ఇద్దరు మనుషుల బొమ్మలు చెక్కి ఉన్నయి. రెండు దిక్కుల పొడుగు కొమ్ముల జంతువులు. ఆ ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టే కనిపించింది నాకు. ఆమె ఆ బొమ్మ కాడ నిలబడ్డది.

ముసలాయన చెప్పేది నాకు తెలిసినంతల తెలుగుల చెప్పిన. ఇది తవ్వినప్పుడు లోపల చాలామంది బొక్కలు, అదే ఎముకలు, బయటపడ్డయట. ఒకరి మీద ఒకర్ని పెట్టేవాళ్ళట. కొత్తగ పోయినోళ్ళ కోసం పాతోళ్ళను పక్కకు జరిపేవాళ్ళట.

భార్యాభర్తల్ని ఒక్కచోట పెట్టేవాళ్ళా అని ఆమె అడిగింది. నేను అడిగిన. ముసలాయన రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్ల ఒకటి కలిపి చూపిండు. అన్ని కలిసిపోయి ఉన్నయి, పెద్దోళ్ళు, పిల్లలు, ఎవరు ఎవరి మనుషులో అల్లాకే ఎరుక అన్నడు.

ఆమె వంగి ఆ సందులోంచి తల లోపలికి పెట్టింది. చానసేపు అట్లనే ఉంది. బయటికి వచ్చినంక, "లోపల చల్లగా ఉంది" అన్నది. 

అక్కడి నుంచి జబల్ హఫీత్ కొండ కిందికి పోయినం. ముసలాయన ముందు సీటుల కూర్చున్నడు. వేడినీళ్ళ మడుగు కాడ దిగినం. శుక్రవారం కద, కొన్ని కుటుంబాలు చాపలేసుకొని కూర్చున్నయి. ఎవరో మాంసం కాలుస్తున్నరు. ఆమె నీళ్ళల్ల చెయ్యి పెట్టి చూసింది. కొండ పైకి చూసి, అగ్నిపర్వతం ఇదేనా, నోరు ఎక్కడుంది అని అడిగింది.

ఆ మాట అరబ్బీల నాకు రాదు. కొండ దిక్కు చూపి, నిప్పు, పైకి వస్తది అని చేతులతోని చెప్పిన. ముసలాయనకు అర్థమైంది. తల అడ్డంగ ఊపిండు. "నార్ మాఫీ" అన్నడు. ఇక్కడ నిప్పు లేదు, ఎన్నడూ లేదు, తాతల నాటి నుంచి వేడినీళ్ళే అని.

సారు ఇంటికి మాటలు క్యాసెట్‌ల రికార్డు చేసి పంపేటోడు. అట్లాంటి క్యాసెట్‌ల ఇక్కడ అగ్నిపర్వతం ఉంది, పైకి తీసుకెళ్ళి లోపలికి తొంగి చూపిస్తా అని చెప్పిండట. కూతురు అది బడిల అందరికీ చెప్పుకున్నదట. ఆమె ఇదంత చెప్పి, "నిజంగా అనుకునే చెప్పారో, పిల్లను సంతోషపెట్టడానికి చెప్పారో" అన్నది. నాకూ తెలియదు. నాతోని కూడ అగ్నిపర్వతం అనే అన్నడు.

కొండ మొదట్ల రాళ్ళ కుప్పల లెక్క ఇంకా పాత సమాధులు ఉన్నయి. కొన్ని మళ్ళ పేర్చి నిలబెట్టిన్రు, కొన్ని కూలి పడి ఉన్నయి. ముసలాయన వాటి నడుమ నడిపిస్తుండె. ఒక కుప్ప కాడ ఆయన ఆగి చెప్తుంటే ఆమె ఆగలేదు. కొండ ఎక్కుడు మొదలుపెట్టింది. చెప్పులు చీర అంచుకు తగులుతున్నయి, రాళ్ళు జారుతున్నయి. పిలిచిన. తిరిగి చూడలేదు. పోనియ్యి అన్నట్టు ముసలాయన చెయ్యి ఊపిండు. కాని ఆమె ఎక్కడా నిలబడకపోయేసరికి ఆయన మొహం కూడ మారింది. "యల్లా, రూహ్" అని నన్ను ముందుకు తోసిండు.

నేను ఉరుకుతూ ఎక్కిన. మనసుల చెడ్డ ఆలోచన. ఇంకో శవం కాగితాల కోసం తిరగాలె అన్నంత దూరం పోయింది నా బుద్ధి. పైన ఒక రాతి కొస ఉంది, దాని కింద లోతుగ ఎండిన వాగు. ఆమె ఆ కొస మీద కూర్చొని ఉంది. ఒక చెప్పు వారు తెగిపోయింది. కాలి బొటనవేలు చీరుకపోయి రక్తం కారుతుంది. ఆమెకు దాని సోయే లేదు.

కొంచెం దూరంల నేను కూర్చున్న. దగ్గరికి పోతె లేచి నిలబడుతదేమో అని భయం. గాలి గట్టిగ కొడుతుంది.

"కార్లో ఆయన పక్కన ఉన్నది నువ్వేగా," అన్నది కిందికి చూస్తనే. "ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు. ఏం మాట్లాడారు?"

ఇది అడుగుతదని నేను ముందు రోజు నుంచి ఎదురుచూస్తనే ఉన్న. ముదీర్ అడిగిండు, పోలీసులు అడిగిన్రు. వాళ్ళకు చెప్పడం వేరు.

"అద్దం దించమన్నడమ్మా. తర్వాత, ఎండ ముదిరింది, స్లాబు మీద నీళ్ళు కొట్టమని ఫోర్‌మన్‌కు చెప్పు అన్నడు. చెప్తా సార్ అన్న. రెండోసారి కూడ అదే అన్నడు."

"నా పేరు ఎత్తలేదా?"

"లేదమ్మా."

"పాప పేరు?"

"లేదు."

ఆమె ముందుకు ఊగింది. నేను లేచిన. పడలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకున్నది. భుజాలు కదులుతున్నయి. ఏడుస్తుందనుకున్న, కాని నవ్వుతుంది. నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, తాగిన ఆ కాస్త కావా కక్కుకున్నది. నోరు కొంగుతోని తుడుచుకున్నది. అప్పుడు ఏడ్చింది. అట్ల ఏడ్చుడు నేను మగోళ్ళల్ల గాని ఆడోళ్ళల్ల గాని చూడలేదు. శబ్దం లేదు, నోరు తెరిచే ఉంది.

ఎంతకో ముసలాయన కర్ర ఊతతోని పైకి వచ్చిండు.  తోలు సంచిలోని నీళ్ళు ఆమె పాదం మీద పోసిండు. తలకు చుట్టుకున్న గుడ్డ చింపి నాకిచ్చిండు, నేను కట్టు కట్టిన. దిగేటప్పుడు ఆమె ఒక చేత్తోని నా భుజం, ఇంకో చేత్తోని ఆయన కర్ర పట్టుకొని దిగింది. ముసలాయనను రేగుచెట్టు కాడ దింపేటప్పుడు ఆమె పర్సు తెరవబోతే ఆయన వెనక్కు జరిగి, ఖర్జూరాల తట్ట తట్టే కార్ల పెట్టిండు.

తిరిగి వచ్చేటప్పుడు ఆస్పత్రి మీదికెళ్ళి పోనియ్యమన్నది. పొద్దు వాలింది. గేటు కాడ మలబారీ వాచ్‌మన్ సెలవు రోజు ఆ గది తెరవరని చెప్పిండు. ఆమె బతిమిలాడలేదు. ఆ గది ఏ దిక్కున ఉందని మాత్రం అడిగింది. వాచ్‌మన్ వెనక గోడ దిక్కు చూపిండు. అక్కడ మిషన్ల చప్పుడు తప్ప ఏం లేదు. కుంటుకుంటూ పోయి గోడకు వీపు ఆనించి నిలబడింది. నేను కార్ల కూర్చున్న. ఒకరిద్దరు నర్సులు ఆమెను చూసుకుంట పోయిన్రు. చీకటి పడుతుండగ తనే వచ్చి కారెక్కింది.

ఆ తర్వాతి వారం కాగితాలు వచ్చినయి. కార్గో గోదాముల పెట్టె ఎక్కించేటప్పుడు నేను ఒక పక్క పట్టిన. ఆమె సంతకం పెట్టి, నాకు దండం పెట్టి, అటు నుంచి అటే పోయింది. పాప ఎట్ల ఉంది, ఏం చదివింది, ఆమె ఏం చేసి బతికింది, నాకేదీ తెలియదు.

మొగడి శవం చల్లగదిల ఉంటె గుట్టలు తిరగడానికి పోయిన ఆడదని మాత్రం ఆ బిల్డింగుల చాన ఏండ్లు చెప్పుకున్నరు. క్యాంపుకు కూడ ఆ మాట వచ్చింది. ఒకసారి మెస్సుల అన్నం తింటుంటే, ఆమెను ఎన్నడూ చూడనివాడొకడు చెప్తున్నడు, అక్కడ ఫోటోలు కూడ దిగిందట అని. ఆ కారు తోలింది నేనే అని చెప్పిన. ఆ బల్ల కాడ అందరు నా దిక్కు తిరిగి, మరి ఏం జరిగిందో చెప్పు అన్నరు. నేను పళ్ళెం తీసుకొని లేచి పోయిన.