నాలుగు మూలలు కలిసే గది

యత్సుషిరోలో ఫుకమాచి వాళ్ల దుకాణం ఎక్కడని అడిగితే, రైల్వే గేటు దాటి తుంగ వాసన వచ్చే వైపు నడవమంటారు. గదుల్లో నేలంతా పరిచే మందపాటి తతామీ చాపలు అక్కడ తయారవుతాయి. తోకియో గదులు కొలిచి వచ్చి చాపలు కోస్తాడు. అతని భార్య ఇత్సుయే వాటికి గుడ్డ అంచు కుడుతుంది. తోకియో తల్లి మత్సుయో తన రోజుల్లో ఆ అంచులన్నీ చేత్తోనే కుట్టింది. ఇప్పుడు వేళ్లు వంగక, కుర్చీలో కూర్చుని కోడలి కుట్లలో వంకలు వెతుకుతుంది.

నలభై దాటాక ఇత్సుయేకు ఒక కొత్త వ్యాపకం పట్టుకుంది. ఒక పాత ఇంట్లో చాపలు మార్చడానికి వెళ్లినప్పుడు, గోడ అలమరలో పరుపుల వెనక ఎరుపూ తెలుపూ రంగుల గేమ్ పెట్టె ఒకటి బయటపడింది. ఆమె చిన్నప్పుడు ఇంటింటా ఉండేది అది. వాళ్లింట్లోనూ ఉండేది గానీ, అన్నయ్య స్నానానికి వెళ్లినప్పుడు తప్ప ఆమె చేతికి వచ్చేది కాదు. ఇంటావిడ "పారేసేదేగా, పట్టుకుపో" అంది.

తెచ్చి టీవీకి తగిలిస్తే, అందులో గుచ్చి ఉన్న పాత ఆట క్యాసెట్‌తో సహా పనిచేసింది. అయితే ఆడుతున్నంతసేపూ ఇత్సుయే చూపు ఆట మీద నిలవలేదు, వెనకున్న కోట గోడ మీద నిలిచింది. గోడంతా ఒకే ఇటుక బొమ్మ. దాన్నే పక్కపక్కన పేర్చి కోట కట్టేశారు. ఇది మా పనే కదా అనుకుంది. మర్నాడు ఆ పెట్టెను చంకన పెట్టుకుని, టీవీలు బాగుచేసే హిదాకా గారి కొట్టుకు వెళ్లింది.

"ఇందులో ఆటలు ఇప్పటికీ ఎవరైనా తయారుచేస్తారాండీ?"

"కంపెనీలు మానేసి చాలా కాలమైంది. ఇష్టమున్నవాళ్లు ఇంట్లో కూర్చుని రాసుకుంటారు. నేనూ ఒక గుర్రప్పందెం రాశాను, గుర్రాలు వెనక్కి పరిగెడుతున్నాయనుకో."

"ఇప్పుడు ఇన్ని ఆటలు దొరుకుతుంటే, ఆ పాతదానికే ఎందుకు రాయడం?"

హిదాకా సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. "మా తమ్ముడు ఆదివారమొస్తే బండరాళ్ల మీద కూర్చుని గాలం వేస్తాడు. బజార్లో చేపలు దొరకవనా?"

అలా ఆదివారాలు ఆ కొట్లో గడవడం మొదలైంది. ఆటను కంప్యూటర్లో రాసి, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి, ఆ క్యాసెట్‌ను పెట్టెలో గుచ్చాలి. పెట్టె మహా మొండిది. బొమ్మను ఒక్క అడుగు కుడికి జరపాలన్నా దానికి పూసగుచ్చినట్టు చెప్పాలి. వానాకాలమంతా కుస్తీ పడితే, చివరికి నల్లటి తెర మీద పచ్చగా ఒక చిన్న ముక్క వెలిగింది. ఇత్సుయే మొగుణ్ణి పిలిచి చూపించింది.

"ఏమిటది?" అన్నాడు తోకియో.

"చాప."

"దాని మీద కూర్చోవచ్చా?"

"కూర్చోలేం."

"అయితే చాప కాదు," అని అతను పనిలోకి వెళ్లిపోయాడు.

ఆమె అనుకున్న ఆట ఇది. ఒక ఖాళీ గది కనిపిస్తుంది. పొద్దు వాలేలోపు దాన్నిండా చాపలు పరవాలి. అయితే నాలుగు చాపల మూలలు ఒక్కచోట కలవకూడదు. మంచి జరగాలని కోరుకునే ఇంట్లో అలా వేయరు. మూలలు కలిస్తే పెట్టె బొంగురుగా మూలిగి, చాప మళ్లీ చేతిలోకి వచ్చేస్తుంది.

మొదటి చిక్కు రంగుల దగ్గర వచ్చింది. కొత్త చాప పచ్చగా, పాత చాప పసుప్పచ్చగా ఉండాలని ఆమె పట్టుదల. కానీ పచ్చ చాప వేసినప్పుడల్లా పక్కనున్న పాత చాప సగం పచ్చబడేది. పెట్టె తెరను మనకు కనపడని గళ్లుగా కోసి పెట్టుకుంటుందనీ, ఒక్కో గడికి ఒక్క జట్టు రంగులే ఇస్తుందనీ హిదాకా చెప్పాడు. అయినా ఏం చేయాలో ఆమెకు తోచలేదు. దుకాణంలో కొత్తగా చేరిన పనివాడికి తోకియో చెబుతున్న మాట ఆమె చెవిన పడేదాకా అలాగే ఉండిపోయింది.

"గదిని బట్టి చాప కొయ్యాలిరా, చాపను బట్టి గది జరగదు. ముందు గోడ చూడు."

ఆమె చేతిలో సూది ఆగింది. తను అందం కోసం గదిని తెరకు సరిగ్గా నడిమధ్యన పెట్టింది. పెట్టె గీసుకున్న గళ్లను చూడనేలేదు. ఆ గళ్లే అసలు గోడలు. ఆ సాయంత్రం గదిని ఒక పక్కకు కాస్త జరిపితే, ఏ చాప రంగు ఆ చాపకే ఉండిపోయింది. గది కొంచెం పక్కకు ఒరిగినట్టు కనిపించింది. పోనీలే అనుకుంది.

మత్సుయో మొదట్లో ఆ టీవీ వైపు చూసేది కాదు. వాన పడి పనిలేని ఒక మధ్యాహ్నం, "ఇటు తే, చూద్దాం" అంది. వంగని వేళ్లకు కూడా ఆ మీటలు లొంగాయి. కాసేపటికి పెట్టె మూలిగింది. మళ్లీ మూలిగింది. ముసలావిడ చాపలను ఏమాత్రం తేడా లేకుండా వరసగా, గళ్లగళ్లుగా పరుస్తోంది.

"ఎందుకే అలా ఏడుస్తుంది?"

"నాలుగు మూలలు కలిశాయి అత్తయ్యా. తప్పు."

"ఎవరింట్లో తప్పు?"

"ఎవరింట్లోనైనా."

"మనిషి పోయిన ఇంట్లో ఇలాగే వేస్తారు. మా మామగారు పోయినప్పుడు పెద్దగదిలో చాపలన్నీ లేపి ఇలా వరసగా వేసింది నేనూ మీ మామగారూనే. కర్మలయ్యాక మళ్లీ మార్చాం. నీ పెట్టెకు పెళ్లిళ్లు తప్ప తెలియవా?"

ఇత్సుయే ఆ సంగతి వినడమే గానీ చూడలేదు. ఇప్పుడెవరూ ఇంట్లో శవాన్ని ఉంచరు, చాపలూ మార్చరు. ఆమె అత్తగారి పక్కన చతికిలబడి ప్రశ్నలు మొదలుపెట్టింది. ముందు ఎవరు లేపుతారు? శవం తల ఎటు? గదిలో ఇంకేం మారుస్తారు? గదిలో అడ్డంగా నిలబెట్టే బొమ్మల మడత తెరను తలకిందులుగా పెడతారని మత్సుయో చెప్పింది. ఎందుకని అడిగితే, "చేసేవాళ్లం అంతే. నువ్వు పోలీసువా?" అంది.

అలా ఆటలో చివరి గది పుట్టింది. అందులో చాపలు వరసగా వేస్తేనే ఒప్పు. తలకిందుల తెర బొమ్మ గీయడానికి క్యాసెట్‌లో చోటు మిగల్లేదు. మరో గదిలో పైన్ చెట్ల మడత తెర బొమ్మ ఉంది. గోడల్లా, చాపల్లా కదలని బొమ్మలను ఆ పెట్టె తిప్పలేదు గానీ, కదిలే బొమ్మలనైతే తిప్పుతుంది. అందుకని ఆ తెరను మనిషి బొమ్మలాగా కదిలేవాటి జాబితాలో రాసి తలకిందులు చేసింది. అది ఎన్నటికీ కదలదు. మిగతా గదుల్లో మోగే పాటను కూడా ఆ గదిలో ఆపేసింది.

వసంతంలో ఫుకుఓకాలో ఇలాంటి ఆటలు రాసేవాళ్లంతా ఒక హాల్లో చేరితే, హిదాకా ఆమెను తీసుకువెళ్లాడు. గోళ్ల రంగుల సెలూన్ నడుపుతానన్న ఒకామె ఇత్సుయే బల్ల దగ్గర కూర్చుని, గది తర్వాత గది సర్దేసి, చివరి గదిలో ఇరుక్కుంది. ఎలా వేసినా మూలుగే.

"ఇది పాడైందేమోనండీ," అందామె.

హిదాకా వెనక నుంచి గొణిగాడు. "టీవీ తెర మీద ఒక్క మాట రాసి పెట్టాల్సింది."

ఆ సెలూన్ ఆమె మీటల మీంచి వేళ్లు తీసి చెవి పెట్టి వింది. "పాట లేదేం?" అంది. తర్వాత కిందికి వేలాడుతున్న పైన్ చెట్లను చాలాసేపు చూసింది. "మా బామ్మ పోయినప్పుడు తెర ఇలాగే తిప్పి పెట్టారు" అని, నెమ్మదిగా ఒక్కో చాపా వరసగా వేసింది. పెట్టె మూలగలేదు. గెలిచినట్టు బాకాలూ మోగలేదు. గదిలో ఒక దీపం వెలిగింది.

"ఇది మీకెవరు చెప్పారు?"

"మా అత్తగారు."

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే మత్సుయో మొహం వెలగలేదు. "ఆ పిల్ల బామ్మది ఏ ఊరు?" అంది.

"అడగలేదు."

"అసలైంది అడగలేదన్నమాట. చాపల సంగతి ఊరూరికీ వేరేగా ఉంటుందే."

ఆ మాట ఇత్సుయేను నిలవనివ్వలేదు. అప్పటినుంచి తోకియో గదులు కొలవడానికి వెళితే ఆమె కూడా వ్యాను ఎక్కుతోంది. "కొలతకొచ్చావా, కబుర్లకొచ్చావా?" అని అతను సణుగుతాడు గానీ, టేపు రెండో కొస ఆమె చేతికే ఇస్తాడు.

మొన్న కొండ మీద ఒక ఊళ్లో, పెద్ద పెంకుటింట్లో ఒంటరిగా ఉండే ముసలాయన వాళ్లకు టీ పోసి ఇచ్చాడు. టీ తాగి గది కొలుస్తూ, మీ ఇంట్లో చాపలు ఎలా వేసేవాళ్లని ఇత్సుయే అడిగింది.

"వేయడమా? ఎండాకాలం వస్తే తీసేయడమే. పట్టుపురుగులు పెంచేవాళ్లం. అన్ని గదుల్లో చాపలూ లేపి గోడకు నిలబెట్టి, ఇల్లంతా వాటికి ఇచ్చేసేవాళ్లం. మేం వసారాలో పడుకునేవాళ్లం."

ఆటలో చాపలు తీయాల్సిన గది. ఇత్సుయే టేపు కొస వదిలేసింది. అది సర్రున వెళ్లి తోకియో వేలికి తగిలింది.

"అవి ఆకులు తినేటప్పుడు చప్పుడు వినపడేదాండీ?" అని అడిగింది ఆమె, ముసలాయన దగ్గరికి జరిగి.

"వినపడకేం? వాన పడుతున్నట్టుండేది."

"పెద్ద వానా, చిన్న వానా?"

ముసలాయన తోకియో వంక చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగి, ఆలోచించాడు. "అది పురుగుల వయసును బట్టి ఉంటుందమ్మా," అని చెప్పడం మొదలుపెట్టాడు.