మట్టిలోంచి మూడు దెబ్బలు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. కోలారులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. పీడకల వచ్చినా రాత్రి తిన్న తిండినే అనుమానిస్తాను. అయినా ఇది రాస్తున్నాను. లోపల పెట్టుకుని మోయడం ఇక నా వల్ల కావడం లేదు.

బంగారు గనులు మూతపడి చాలా ఏళ్లయినా, వాటిలో పనిచేసిన నాయన కేజీఎఫ్‌లో పాత కార్మికుల లైను ఇంట్లోనే ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున నా కూతురు రమ్యను అక్కడికి తీసుకెళ్లాను. దానికి తొమ్మిదేళ్లు. సినిమాల్లో ఎడారి కొండల్లా కనిపించే సైనైడ్ దిబ్బలు చూపించమని నెల రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. నిజానికి అవి కొండలు కావు. రాయిని నలిపి బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి.

"సినిమావాళ్లకేమి, షూటింగు చేసుకొని పోతారు. ఆ మట్టి మంచిది కాదురా" అని గొణుగుతూనే నాయన కూడా వచ్చాడు. నాలుగడుగులకోసారి ఆగి దగ్గుతున్నాడు.

వానలకు దిబ్బ పక్కన లోతైన చీలికలు పడ్డాయి. ఫొటో తీయమని రమ్య ఒక చీలికలోకి దిగి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను ఫోను తీసేలోగా పైనున్న గట్టు విరిగి పడింది. దుమ్ము తగ్గేసరికి పిల్ల లేదు.

అరుస్తూ, ఎక్కడ పడితే అక్కడ చేతులతో తోడాను. తోడిందంతా మళ్లీ జారి పడుతోంది. నాయన వచ్చి నా చెంప పగలగొట్టాడు.

"నోరు మూయ్‌రా! నువ్వు అరిస్తే యాడ వినపడతాది?"

గని కూలినప్పుడు వాళ్ల పద్ధతి అదే. లోపల బతికున్నవాళ్లు రాతి మీద మూడేసి దెబ్బలు కొడతారు. పైవాళ్లు చప్పుడు చేయకుండా వింటారు. నాయన బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. ఇది గని కాదు, నా బిడ్డ చచ్చిపోతోంది, ఈయనకు మతి పోయింది అనుకుని ఏడ్చాను.

అప్పుడు నాకూ వినిపించింది. టక్, టక్, టక్. రాతి మీద ఇనుము కొట్టినట్టు.

"ఈడ తవ్వు" అన్నాడు నాయన. నేను తోడుతున్న చోటికి అది మూడు బారల దూరం. మోచేతి లోతులో రమ్య జడ చేతికి తగిలింది. బయటికి లాగాం. మట్టి కక్కి, ఊపిరి పీల్చి, ఏడ్చింది. దాని రెండు చేతులూ రొమ్ము కింద ఇరుక్కుని ఉన్నాయి. ఆ మట్టిలో చింతగింజంత రాయి కూడా లేదు.

బిడ్డను ఎత్తుకున్నాను. నాయన లేవలేదు.

"ఇంకా కొడతా ఉండారప్పా. లోపల మనుషులుండారు."

నిజమే. దెబ్బలు ఆగలేదు. ఈసారి రెండు చోట్ల నుంచి వస్తున్నాయి.

"బిడ్డను ఆసుపత్రికి తీసకపోవాల, రా నాయనా!"

"దెబ్బలు వింటా వింటా యెవురన్నా పోతారా?"

రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. దారంతా ఆయన వెనక్కే చూశాడు.

రమ్య బతికింది. మర్నాడు ఇద్దరు మనుషులను పెట్టి అదే చోట సాయంత్రం దాకా తవ్వించాను. పిండిలాంటి మట్టి తప్ప ఏమీ లేదు. చప్పుడూ లేదు. చుట్టుపక్కల విచారించాను, ఎవరూ తప్పిపోలేదు. మా ఇద్దరికీ వినిపించింది ఏమిటో నాకు తెలిసిన సైన్సు ఈనాటికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే నాయన ఒక్కటే అడిగాడు.

"దెబ్బలు ఆగిపోయినాయా?"

"ఆగిపోయినాయి నాయనా" అన్నాను, ఆయన మనసు కుదుటపడుతుందని.

ఆయన తల బాదుకుని ఏడ్చాడు.

"అయితే అందురూ పోయినట్టే కదరా."