రిజిస్టర్‌లో నా చేతిరాత

మా ఫరీదాబాద్ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఆదివారం సాయంత్రాలు పిల్లల చేత నవలలు చదివించేదాన్ని. వారమంతా ఢిల్లీ సాకేత్‌లో ఆఫీసు. మెట్రోలో నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయేవి. ఆదివారమైనా కాస్త పడుకోవచ్చుగా అని మా ఆయన దెప్పేవాడు. నిజమే. కానీ ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ‘మద్రాసీ’ అనిపించుకుంటున్నదాన్ని కదా, న్యాయం గురించి నాలుగు ముక్కలు ఈ పిల్లల చెవిన వెయ్యాలని నా తాపత్రయం.

ఆ వేసవిలో చదువుతున్నది ఒక అమెరికా నవల. అందులో నల్లజాతి పిల్లని ఊరి ఈతకొలనులోకి రానివ్వరు. మేం మా క్లబ్‌హౌస్ కొలను పక్కనే కూర్చుని అది చదివేవాళ్ళం. అపార్ట్‌మెంట్ల పిల్లలు ఐదుగురు, ఆరోది మా వంటమనిషి కూతురు. సర్కారు బడిలో తొమ్మిదో తరగతి. వాళ్ళది మా శ్రీకాకుళం వైపే, తండ్రికి ఇక్కడ ఫ్యాక్టరీలో పని. ఇంగ్లిష్ తడబడుతూనే చదివేది గానీ, ఆ పిల్ల గొంతెత్తితే మిగతావాళ్ళు ఫోన్లు పక్కన పెట్టేవాళ్ళు.

నన్ను ‘ఆంటీ’ అనేది. తల్లి పొయ్యి దగ్గర్నుంచి కసిరేది: “ఆంటీ ఏటే? అమ్మగారు అనాల.” పోనిద్దూ అని నేను నవ్వేదాన్ని. “మా ఊరి పిల్ల, ఎంత బాగా చదువుతుందో” అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేదాన్ని.

ఇంకొక్క అధ్యాయం మిగిలిందనగా, గార్డు ఆ పిల్లని గుమ్మంలోనే ఆపేశాడు. అసోసియేషన్ సెక్రటరీ నాకు ఫోన్ చేశాడు.

“బురా మత్ మానియే మేడమ్, ఏమీ అనుకోకండి. పనివాళ్ళ పిల్లలకి క్లబ్‌హౌస్‌లోకి రావడానికి లేదు. కంప్లెయింట్ వచ్చింది.”

“ఆ అమ్మాయి నా గెస్ట్ అండీ.”

“అచ్ఛా? రిజిస్టర్‌లో మీరు అలా రాయలేదే.”

గుమ్మం దగ్గరికి వెళ్ళి రిజిస్టర్ తిరగేశాను. వచ్చినవాళ్ళు మీకేమవుతారు అనే గడిలో, మిగతా ఇళ్ళవాళ్ళు కజిన్ అనీ ఫ్రెండ్ అనీ రాశారు. వాళ్ళలో నిజం కజిన్లు ఎందరో ఆ దేవుడికెరుక. ఈ పిల్ల పేరుకెదురుగా మాత్రం ప్రతి వారమూ నా గుండ్రటి అక్షరాలు: కుక్స్ డాటర్. అలా రాయమని నన్నెవరూ అడగలేదు. చెయ్యి దానంతటది రాసేసింది.

అసోసియేషన్ మీటింగులో నిలదీయొచ్చు. ఓపిక లేదు, అనుకున్నాను. ఓపిక ఒక్కటే అయితే బాగుండును. ఆ మీటింగులో నా రాత నాకే చూపిస్తారని భయం.

మర్నాడు పొద్దున ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని కొత్తిమీర తుంచుతోంది. “చివరి చాప్టరే కదా, ఇంట్లో చదువుకోమ్మా. ఏం పోయింది?” అన్నాను.

“గార్డ్ భయ్యా చూపించాడు, అమ్మగారూ,” అంది తలెత్తకుండా. “మీరే రాశారంట. మా ఊరి పిల్ల అని రాస్తే సరిపోయేది కదా?”

తల్లి గరిటె ఆపేసింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నాకు కోపమొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. తప్పయిపోయిందమ్మా అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోను? “ఆఫీసుకి టైమవుతోంది” అని చెప్పులేసుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ పిల్లకి నేనిచ్చిన పుస్తకం ఫ్రిజ్ మీద ఉంది.

ఆదివారం ఐదుగురితో నవల పూర్తిచేశాను. ఆఖర్న కొలను తలుపు తెరుస్తారు, నవలలోని పిల్ల నీళ్ళలోకి దూకుతుంది. మావాళ్ళు చప్పట్లు కొట్టారు, ఒకమ్మాయి కళ్ళు కూడా తుడుచుకుంది.

“ఆంటీ, వో నహీ ఆయీ? తను రాలేదేం?” అని అడిగింది, అంతలోనే ఫోన్ చూసుకుంటూ.

“ఇంట్లో చదువుకుంటుందిలే,” అన్నాను.

ఆ పిల్ల పుస్తకం నా సంచిలోనే ఉంది, చివరి అధ్యాయం దగ్గర ఆనవాలుకి పెట్టుకున్న కాయితంతో సహా.