ఆపిల్ కట్టెల పొగ

ఇవాకి కొండ కింద ఆ ఊళ్ళో మగవాళ్ళ తలలన్నీ కినుయో చేతి కిందివే. పద్దెనిమిదో ఏట సముద్రం పక్క పల్లె నుంచి కటింగ్ పని నేర్చుకోవడానికి వచ్చింది. నేర్పిన ముసలాయనకు పిల్లల్లేరు. పోతూ పోతూ షాపునూ, అందులోని రెండు కుర్చీలనూ, ఇనప పొయ్యినీ ఆమెకే వదిలిపోయాడు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, ఊళ్ళో మగాళ్ళందరి గడ్డాలూ తనే గీస్తోందనీ, ఇంకొక్కడికి ప్రత్యేకంగా చేసేదేముందనీ నవ్వేసేది. అలా నవ్వుతూనే అరవైలో పడింది.

షాపు వెనక గదే ఆమె ఇల్లు. రెంటికీ ఆ పొయ్యే వెచ్చదనం. దాని మీద నీళ్ళు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. గడ్డం గీసే ముందు మొహాన కప్పే తువ్వాలు ఆ నీళ్ళలో తడిపిందే.

ఒక్క తల మాత్రం ఆమె చేతికి రాదు. అది ఆపిల్ తోట తొమెజోది. ఆయన భార్య మంచం పట్టినప్పుడు కబురు పెడితే, కినుయో కత్తెర పట్టుకుని వెళ్ళింది. దిండుకు రాసుకుని చిక్కులు పడిన జడను ఇక మొయ్యలేనని, తీసెయ్యమని ఆవిడ బతిమాలింది. కినుయో మెడ దాకా కత్తిరించింది. అప్పుడే తోటలోంచి వచ్చిన తొమెజో నేల మీద పడి ఉన్న జడను చూసి, ఎవర్నడిగి కోశావని కేకలేశాడు. జబ్బుమనిషి ముందు వాదులాట ఎందుకని కినుయో కత్తెర సర్దుకుని వచ్చేసింది. ఆవిడ ఆ చలికాలం దాటలేదు. తొమెజో అప్పట్నుంచి కటింగ్‌కి పట్నం పోతున్నాడు. దారిలో ఎదురైతే తల వంచుతాడు, అంతే. అలా ఏళ్ళు గడిచాయి.

ఒక ఏడు కోతల ముందు వచ్చిన గాలివానకు తొమెజో తోటలో ముసలి చెట్లు కూలాయి. కొన్నాళ్ళకు ఆయన చిన్న లారీ షాపు ముందు ఆగింది. కుర్చీలో రిటైరైన పోస్ట్‌మాన్ నరిత ఉన్నాడు, గడ్డం సగంలో ఉంది. కినుయో బయటికి వచ్చేసరికే ఆపిల్ కట్టెలు గోడవార కుప్ప పడి ఉన్నాయి. కోసిన చోట ఇంకా తడి ఆరలేదు.

"కట్టెలు. వాడుకో," అని తొమెజో ఎటో చూస్తూ చెప్పి, బండెక్కి వెళ్ళిపోయాడు.

లోపలికి రాగానే నరిత, అది వాడు క్షమించమని అడిగే పద్ధతనీ, కాదనొద్దనీ చెప్పాడు. కాదనాలని ఆమెకూ లేదు.

కినుయో కొట్టంలో బాగా ఎండిన ఓక్ కట్టెలున్నాయి. కానీ మంచు పడ్డాక వాటిలో ఒకటి రెండు ఆపిల్ పేళ్ళూ కలిపి వేస్తూ ఒక సంగతి గమనించింది. కొమ్మలు కత్తిరించడానికి తోటకు పోతూ తొమెజో రోజూ మలుపు దగ్గర ఆగి, ఆమె ఇంటి పొగగొట్టం కేసి చూస్తున్నాడు. తన కట్టెలు కాలుస్తోందో లేదోనని చూస్తున్నాడనుకుంది. మనిషి అంత దూరం వచ్చి ఇస్తే పక్కన పడేసిందనుకుంటాడేమోనని, ఓక్ కట్టెల్ని కొట్టంలోనే ఉంచి పచ్చివాటినే పొయ్యిలో పెట్టింది.

అవి మండలేదు, ఏడ్చాయి. పేళ్ళ చివర్లనుంచి నురగ కక్కుతూ సుయ్యిమంటూ ఉండేవి. పొయ్యి తలుపు అద్దం నల్లబడింది, కిటికీలకు చెమట పట్టింది. నీళ్ళు మరగక తువ్వాలు గోరువెచ్చగా వచ్చేది. జనం కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంటుంటే, కినుయో ఆ కోటు మీదే గుడ్డ కప్పేది.

"చేపను పొగబెట్టినట్టు పెడుతున్నావు నన్ను. కాస్త ఉప్పు కూడా రాసెయ్యి," అన్నాడు నరిత.

"కదలకండి, చెవి తెగుద్ది," అంది కినుయో.

ఒకరోజు చలికి తట్టుకోలేక ఓక్ వేసింది. పొయ్యి భగ్గుమంది, పొగ సన్నగా, తెల్లగా పోయింది. ఆ రోజు తొమెజో ఆగకుండా నడిచిపోయాడు. కోపం వచ్చిందనుకుని, మర్నాడు మళ్ళీ ఆపిలే వేసింది.

చలి చివరికొచ్చే రోజుల్లో ఒక ఉదయం పొగగొట్టం మసితో పూడుకుపోయింది. పొగంతా వెనక్కి తిరిగి షాపులోకి వచ్చింది. కినుయో, మొహాన సబ్బు నురగతో నరిత, దగ్గుతూ మంచులోకి పరిగెత్తారు. మలుపు దగ్గరున్న తొమెజో చూసి వచ్చాడు. తలుపులు బార్లా తీశాడు. నిప్పు ఆరాక, ఇంటికెళ్ళి వెదురు గడకు కట్టిన బ్రష్ తెచ్చి కప్పెక్కాడు. తారులాంటి మసి బకెట్ నిండా దిగింది.

దిగి వచ్చి, "పచ్చికట్టెలు ఈ ఏడే ఎందుకు తగలేశావమ్మా?" అన్నాడు.

"వాడుకోమన్నారుగా."

"ఎండాక వాడుకోమని. నీకు తెలీని సంగతా?"

"తెలుసు. మీరు రోజూ పొగగొట్టం కేసి చూస్తుంటే, కాలుస్తున్నానా లేదా అని చూస్తున్నారనుకున్నా."

"ఆ నల్ల పొగకి కొంపంటుకుంటుందేమోనని భయపడి చూశాను."

"ఆ ముక్క లోపలికొచ్చి చెప్పొచ్చుగా?"

తొమెజో బ్రష్ దులుపుకున్నాడు. "మొహం చెల్లలేదు," అన్నాడు చివరికి.

"మీ మర్యాదల మధ్య నా గడ్డం గడ్డకట్టింది, లోపలికి పదండి," అన్నాడు నరిత.

కినుయో ఓక్ కట్టెలు తెచ్చి పొయ్యి రాజేసింది. కాసేపటికి నీళ్ళు తెర్లాయి. నరిత పని ముగించి పంపేసి, ఖాళీ కుర్చీ తుడిచి, తొమెజో కేసి చూసింది. ఆయన జుట్టు నిండా మసి. వచ్చి కూర్చున్నాడు. ఆవిర్లు పోతున్న తువ్వాలు మొహాన కప్పింది.

"జడ కొయ్యమని తనే అడిగిందట. ఆ రోజు సాయంత్రమే నాకు చెప్పింది," అన్నాడు తువ్వాలు కింద నుంచి. "నిన్ను అనరాని మాటన్నాను."

"నేనూ మీరు వచ్చేదాకా ఆగాల్సింది," అంది కినుయో. తర్వాత తువ్వాలు తీసి కత్తి పదును చూసుకుంది.

మంచు కరిగాక మిగిలిన ఆపిల్ కట్టెల్ని ఎండ తగిలే గోడ వైపు, గాలి ఆడేలా సందులు వదిలి ఇద్దరూ పేర్చారు. పైన రేకు కప్పారు. తొమెజో ఇప్పుడు పట్నం పోవడం లేదు. మాటలు పెద్దగా పెరగలేదు. కటింగ్ అయిపోయినా వెంటనే లేవడు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో రెండో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటాడు. కినుయో తువ్వాళ్ళు మడతపెట్టుకుంటూ ఉంటుంది.